ఇంటి నెట్ మీద ఫ్రెండ్స్ కోసం మైన్‌క్రాఫ్ట్ సర్వర్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది కజిన్స్, కాలేజీ బ్యాచ్, ఆఫీసు గ్యాంగ్ లాంటి నలుగురైదుగురి నుంచి పది మంది దాకా ఉన్న గుంపు కోసం. వందల మందితో పబ్లిక్ సర్వర్ పెట్టి పేరు తెచ్చుకుందామనుకునేవాళ్లకి ఇది పనికిరాదు, అది ఇంటి నెట్ మీద చేసే పని కాదు. ఎక్కువగా మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్ (కంప్యూటర్‌లో ఆడే రకం) గురించే రాశాను, ఎందుకంటే అడిగేవాళ్లలో ఎక్కువ మంది దాని గురించే అడుగుతున్నారు. మిగతా ఆటలకి పోర్ట్ నంబర్లు (వచ్చిన డేటా ఏ ప్రోగ్రామ్‌కి వెళ్లాలో చెప్పే నంబర్లు) మారతాయి, తలనొప్పులు మాత్రం అవే.

ఇంట్లోనే ఎందుకు? నెలకి ఇంతని కట్టి ఎక్కడో పెట్టుకుంటే పోదా?

పోతుంది. నిజంగానే చాలామందికి అదే మంచిది. మైన్‌క్రాఫ్ట్ వాళ్ల రెల్మ్స్ తీసుకుంటే మీతో పాటు పది మంది ఒకేసారి ఆడొచ్చు, ఈ పేజీలో ఉన్న గోల ఏదీ ఉండదు. అటెర్నోస్ లాంటి ఫ్రీ సర్వీసులూ ఉన్నాయి, కాకపోతే స్టార్ట్ చేసినప్పుడు క్యూలో నిలబడాలి, అందరూ బయటికి రాగానే సర్వర్ ఆగిపోతుంది.

ఇంట్లో పెట్టుకుంటే వచ్చే లాభం వేరే. మూల పడి ఉన్న పాత లాప్‌టాప్ పనికొస్తుంది, ఏ మోడ్ (ఆటని మార్చే అదనపు ప్రోగ్రామ్) కావాలంటే అది వేసుకోవచ్చు, వరల్డ్ ఫైళ్లు మీ దగ్గరే ఉంటాయి. పైగా నెట్‌వర్క్ ఎలా పనిచేస్తుందో పుస్తకం చదివితే రాని జ్ఞానం రెండు రోజుల్లో వస్తుంది. ఈ చివరిది మీకు ఆసక్తి లేకపోతే, మొహమాటం లేకుండా చెప్తున్నా, రెల్మ్స్ తీసుకోండి.

ఎలాంటి కంప్యూటర్ కావాలి?

మీరు అనుకునేదానికంటే తక్కువ. ఐదారుగురు మామూలుగా ఆడుకోవడానికి సర్వర్‌కి 3 నుంచి 4 జీబీ ర్యామ్ ఇస్తే చాలు, అంటే మొత్తం 8 జీబీ ఉన్న లాప్‌టాప్ సరిపోతుంది. పెద్ద మోడ్‌ప్యాక్ అయితే 8 జీబీ సర్వర్‌కే అడుగుతుంది, అప్పుడు లెక్క వేరు. గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు, సర్వర్ బొమ్మలేమీ గీయదు కదా.

ప్రాసెసర్ దగ్గర ఒక విషయం: మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పనిలో ముఖ్యమైన భాగం అంతా ఒకే కోర్ మీద నడుస్తుంది. అందుకని ఎనిమిది కోర్లు ఉన్న పాత నిదానపు చిప్ కంటే నాలుగు కోర్లే ఉన్నా ఒక్కోటి వేగంగా ఉండే చిప్ మేలు. హార్డ్ డిస్క్ ఉంటే తీసేసి చిన్న ఎస్ఎస్‌డీ వేయించండి, ఎవరైనా కొత్త ప్రాంతానికి పరిగెత్తినప్పుడు తేడా కళ్లకి కనిపిస్తుంది.

మన దగ్గర లాప్‌టాప్‌కి ఇంకో సౌకర్యం, కరెంటు పోయినా బ్యాటరీ మీద నడుస్తుంది. కానీ ఇరవై నాలుగ్గంటలూ చార్జింగ్‌లోనే ఉంటే, అందులోనూ మే నెల ఎండల్లో, బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. చార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా సెట్టింగ్ ఉంటే పెట్టండి, అటకమీదో బట్టల బీరువాలోనో కాకుండా గాలి ఆడే చోట ఉంచండి.

నెట్ స్పీడ్ ఎంత ఉండాలి?

డౌన్‌లోడ్ చూడకండి, అప్‌లోడ్ చూడండి. సర్వర్ మీ ఇంటి నుంచి బయటికి పంపుతుంది కాబట్టి అదే ముఖ్యం. ఒక్కో ప్లేయర్‌కి 1 ఎంబీపీఎస్ అప్‌లోడ్ వేసుకుంటే ధారాళంగా సరిపోతుంది. మన ఫైబర్ ప్లాన్లలో చాలావాటికి అప్‌లోడ్ కూడా డౌన్‌లోడ్ అంతే ఉంటుంది కాబట్టి 30 లేదా 40 ఎంబీపీఎస్ ప్లాన్ మీద పది మంది హాయిగా ఆడొచ్చు. డేటా లిమిట్ గురించి కూడా భయం అక్కర్లేదు: ఒక్కొక్కరికి సగటున అర ఎంబీపీఎస్ అనుకుంటే గంటకి 225 ఎంబీ, ఐదుగురు రోజూ నాలుగ్గంటలు ఆడినా నెలకి 135 జీబీ. చాలా ఫైబర్ ప్లాన్లలో నెల కోటా 3300 జీబీ చుట్టూ ఉంటుంది.

సర్వర్ ఉన్న లాప్‌టాప్‌ని మాత్రం వైఫై మీద కాకుండా రౌటర్‌కి వైరుతో కలపండి. వంద రూపాయల కేబుల్‌తో పోయే సమస్యకి ప్లాన్ మార్చుకున్నవాళ్లని చూశాను.

5జీ సిగ్నల్‌తో ఇంటికి నెట్ ఇచ్చే డబ్బా అయితే స్పీడ్ టెస్ట్‌లో 200 చూపించినా ఆటలో అది పనికిరాకపోవచ్చు, సిగ్నల్‌ని బట్టి పింగ్ (డేటా వెళ్లి రావడానికి పట్టే మిల్లీసెకన్లు) ఎగిరెగిరి పడుతుంటుంది.

ఫ్రెండ్స్ కనెక్ట్ అవ్వట్లేదు. మొదట ఏం చూడాలి?

మీకు పబ్లిక్ ఐపీ (బయటివాళ్లు నేరుగా మీ ఇంటికి చేరగలిగే నెట్ చిరునామా) ఉందా లేదా అన్నది. యూట్యూబ్‌లో వీడియో చూసి, పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చిన కనెక్షన్‌ని సర్వర్ మెషిన్‌కి పంపే రౌటర్ సెట్టింగ్) చేసి, ఫైర్‌వాల్ ఆపేసి, రౌటర్ రీసెట్ చేసి, రాత్రి రెండు దాకా కుస్తీ పట్టేవాళ్లలో సగానికి పైగా అసలు ఈ ఒక్కటి చూసుకోరు. ఆ వీడియోలు ఎక్కువగా అమెరికా వాళ్లు చేసినవి, అక్కడ చాలా ఇళ్లకి పబ్లిక్ ఐపీ ఉంటుంది కాబట్టి వాళ్లు ఆ మాటే ఎత్తరు.

చూడటం రెండు నిమిషాల పని. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టండి, రాకపోతే 192.168.0.1 కొట్టండి, అదీ రాకపోతే రౌటర్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. లాగిన్ అయ్యాక స్టేటస్ పేజీలో వ్యాన్ (WAN, అంటే బయటి నెట్ వైపు) అని రాసి ఉన్న చోట ఒక ఐపీ కనిపిస్తుంది, దాన్ని రాసుకోండి. తర్వాత గూగుల్‌లో నా ఐపీ ఏంటి అని వెతికితే వచ్చే నంబర్‌తో పోల్చండి. రెండూ ఒకటే అయితే మీ అదృష్టం, పోర్ట్ ఫార్వర్డింగ్ ప్రశ్నకి వెళ్లిపోండి.

వేరే అయితే రౌటర్ పేజీలో ఉన్న నంబర్ దేనితో మొదలవుతుందో చూడండి. 100.64 నుంచి 100.127 మధ్యలో ఉంటే అది సీజీనాట్ (ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి పంచడం, కింద వివరించాను), అనుమానమే లేదు, ఆ శ్రేణిని 2012లో ప్రత్యేకంగా దానికోసమే కేటాయించారు. 10తో మొదలైతే అదీ దాదాపు సీజీనాటే, మన కేబుల్ ఆపరేటర్ల నెట్‌వర్కుల్లో ఇది ఎక్కువ. 192.168 అని ఉంటే మాత్రం మీ ఇంట్లోనే రెండు రౌటర్లు ఒకదాని వెనక ఒకటి ఉన్నాయేమో చూడండి: నెట్ వాళ్లు ఇచ్చిన ఫైబర్ డబ్బా ఒకటి, మీరు కొన్న వైఫై రౌటర్ ఇంకొకటి. అప్పుడు ఆ మొదటి డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి నెట్‌ని మీ రౌటర్‌కి అందించడం మాత్రమే చేసేలా) పెట్టమని ఆపరేటర్‌ని అడగండి, మీ కనెక్షన్‌కి యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఉంటే అవి మీ సొంత రౌటర్‌లో పెట్టుకోవాలి. ఆ తర్వాత ఈ పరీక్ష మళ్లీ మొదటి నుంచి చేయండి.

ఈ సీజీనాట్ అంటే ఏంటి? మా ఆపరేటర్ ఎందుకు పెట్టాడు?

ఐపీవీ4, అంటే పాత రకం ఐపీ చిరునామాలు అయిపోయాయి కాబట్టి. ప్రపంచం మొత్తానికి ఉమ్మడిగా ఉన్న నిల్వ 2011 ఫిబ్రవరిలో ఖాళీ అయింది, మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి అదే ఏడాది ఏప్రిల్ నుంచి రేషన్ మొదలైంది. మన దేశంలో ఇళ్లకి నెట్ విరివిగా వచ్చింది ఆ తర్వాతే. అందుకని ఆపరేటర్లు ఒక్క పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకి కలిపి ఇస్తారు.

గేటెడ్ కమ్యూనిటీ అనుకోండి. మీరు లోపల్నించి బయటికి ఎప్పుడైనా వెళ్లొచ్చు, మీరు ఆర్డర్ పెట్టిన పార్సెల్‌ని వాచ్‌మన్ లోపలికి పంపిస్తాడు. కానీ చెప్పాపెట్టకుండా ఎవరో వచ్చి "మావాడి ఇంటికి వెళ్లాలి" అంటే ఏ ఫ్లాటో వాచ్‌మన్‌కి తెలియదు, వెనక్కి పంపేస్తాడు. మీ రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టడమంటే మీ ఫ్లాట్ తలుపు తీసి ఉంచడం. మెయిన్ గేట్ ఆపరేటర్ చేతిలో ఉంది, అది మీరు తీయలేరు.

సరే, నాది సీజీనాటే అని తేలింది. ఇప్పుడేం చేయాలి?

నాలుగు దార్లున్నాయి, నా లెక్కలో ఏది ముందో ఆ వరసలోనే చెప్తా.

మొదటిది టెయిల్‌స్కేల్ లేదా జీరోటియర్ లాంటి ప్రైవేట్ నెట్‌వర్క్. మీరూ, మీ ఫ్రెండ్స్ అందరూ ఒక యాప్ వేసుకుంటారు, అందరి మెషిన్లూ ఒకే ఇంట్లో ఉన్నట్టు ఒకదానికొకటి కనిపిస్తాయి. రౌటర్ ముట్టుకోనక్కర్లేదు, బయటి ప్రపంచానికి మీ సర్వర్ అసలు కనిపించదు. టెయిల్‌స్కేల్ ఫ్రీ ప్లాన్‌లో యూజర్ల సంఖ్యకి పరిమితి ఉంది, కానీ అందర్నీ మీ నెట్‌వర్క్‌లో చేర్చకుండా సర్వర్ మెషిన్ ఒక్కదాన్నే వాళ్లకి షేర్ చేసే సదుపాయం ఉంది, అది వాడండి. ఒక చిన్న మెలిక: టెయిల్‌స్కేల్ ఇచ్చే చిరునామాలు కూడా ఆ 100.64 శ్రేణిలోనివే, దాన్ని చూసి సీజీనాట్ అని కంగారు పడకండి. అది వేశాక కూడా పింగ్ ఎక్కువగా ఉంటే దాని స్టేటస్ కమాండ్ కొట్టి చూడండి. డైరెక్ట్ అని ఉంటే మంచిది, రిలే అని ఉంటే మీ డేటా మధ్యలో వేరే ఊరి మీదుగా తిరిగొస్తోందని అర్థం.

దీనితో ఇబ్బంది ఒక్కటే, ప్రతివాడూ యాప్ వేసుకోవాలి. "అన్నా లింక్ పెట్టు చాలు, ఇవన్నీ నావల్ల కాదు" అనేవాడు ప్రతి గ్రూపులోనూ ఒకడుంటాడు. వాడి కోసం రెండో దారి, ప్లేఇట్ లాంటి టన్నెల్. మీ సర్వర్ మెషిన్‌లో మాత్రమే ఒక ప్రోగ్రామ్ నడుస్తుంది, అది బయట ఒక చిరునామా ఇస్తుంది, ఫ్రెండ్స్ ఆ చిరునామా కొడితే చాలు. లోపలి నుంచి బయటికి వెళ్లిన కనెక్షన్ మీదే అంతా నడుస్తుంది కాబట్టి సీజీనాట్ అడ్డురాదు, మీ ఇంటి ఐపీ కూడా ఎవరికీ తెలియదు. డేటా మాత్రం వాళ్ల సర్వర్ల మీదుగా తిరిగి రావాలి, కాబట్టి పింగ్ ఎంత పెరిగిందో ఒకసారి ఆడి చూసుకోండి. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ వాడొచ్చా అని కొందరు అడుగుతున్నారు, అది ప్రధానంగా వెబ్‌సైట్ల కోసం. మైన్‌క్రాఫ్ట్‌కి వాడాలంటే అవతలివాళ్లు కూడా వాళ్ల ప్రోగ్రామ్ వేసుకోవాలి, అంత చేసేటప్పుడు టెయిల్‌స్కేలే నయం.

మూడోది ఐపీవీ6, అంటే కొత్త రకం ఐపీ చిరునామాలు. మన దేశంలో ఇది బాగా పాకింది, జియో, ఎయిర్‌టెల్ మొబైల్ డేటాలో అందరికీ దాదాపు వస్తోంది, చాలా ఫైబర్ కనెక్షన్లలో కూడా ఉంది. ఐపీవీ6లో చిరునామాలకి కొరత లేదు, మీ లాప్‌టాప్‌కే సొంత పబ్లిక్ చిరునామా వస్తుంది, నాట్ (ఒకే చిరునామాని చాలా మెషిన్లకి పంచడం) గొడవే ఉండదు. చిరునామా 2తో మొదలవ్వాలి, ఎఫ్ఈ80తో మొదలయ్యేది ఇంటి లోపలికి మాత్రమే. రౌటర్ ఫైర్‌వాల్‌లో ఆ పోర్ట్ ఒక్కటి తెరవాలి, గేమ్‌లో చిరునామాని చదరపు బ్రాకెట్లలో పెట్టి తర్వాత కోలన్, పోర్ట్ నంబర్ రాయాలి. పనిచేస్తే దీన్ని మించింది లేదు. చిక్కేంటంటే మీ ఫ్రెండ్‌కి కూడా ఐపీవీ6 ఉండాలి. ఎవడో ఒకడు హాస్టల్ వైఫై మీదో, ఐపీవీ6 ఆపేసి ఉన్న పాత రౌటర్ మీదో ఉంటాడు, మొదటికే మోసం.

ఆఖరిది డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ (మారకుండా ఉండే పబ్లిక్ ఐపీ) తీసుకోవడం. లోకల్ ఆపరేటర్ అయితే ఆఫీసుకి ఫోన్ చేసి "స్టాటిక్ ఐపీ కావాలి, సీసీ కెమెరాలు బయట నుంచి చూసుకోవడానికి" అంటే వాళ్లకి వెంటనే అర్థమవుతుంది, గేమ్ సర్వర్ అంటే అరగంట వివరించాలి. కొందరు ఇంటి ప్లాన్లకి ఇస్తారు, కొందరు బిజినెస్ ప్లాన్ తీసుకోమంటారు. సంవత్సరానికి కట్టేది రెల్మ్స్ ఖర్చుతో పోల్చుకుని అప్పుడు నిర్ణయించుకోండి.

పబ్లిక్ ఐపీ ఉంది. పోర్ట్ ఫార్వర్డింగ్ ఎలా?

ముందు సర్వర్ మెషిన్‌కి ఇంట్లో ఒకే చిరునామా ఉండేలా చేయండి. రౌటర్‌లో డీహెచ్‌సీపీ (ఇంట్లో మెషిన్లకి చిరునామాలు పంచేది) సెట్టింగుల్లో రిజర్వేషన్ అనో, స్టాటిక్ లీజ్ అనో ఉంటుంది, అక్కడ లాప్‌టాప్‌కి 192.168.1.50 లాంటిది ఇచ్చేయండి. ఇది చేయకపోతే వారం తర్వాత కరెంటు పోయి వచ్చినప్పుడు ఆ పాత చిరునామా అమ్మ ఫోన్‌కి వెళ్తుంది, సర్వర్ ఎందుకు రావట్లేదో ఎవరికీ అర్థం కాదు.

తర్వాత పోర్ట్ ఫార్వర్డింగ్ పేజీ వెతకండి. కొన్ని రౌటర్లలో వర్చువల్ సర్వర్ అంటారు, కొన్నిటిలో నాట్ అనే మెనూ కింద, కొన్నిటిలో అప్లికేషన్ అనే మెనూ కింద దాక్కుని ఉంటుంది. అందులో బయటి పోర్ట్ 25565, లోపలి పోర్ట్ 25565, ప్రోటోకాల్ టీసీపీ, లోపలి ఐపీ 192.168.1.50. వ్యాన్ కనెక్షన్ ఎంచుకోమని ఒక డబ్బా ఉంటే, ఇంటర్నెట్ అని పేరున్నదాన్నే ఎంచుకోండి, ఫైబర్ డబ్బాల్లో ఫోన్ లైనుకి వేరే, టీవీకి వేరే ఉంటాయి. తప్పుది ఎంచుకుంటే ఎర్రర్ ఏమీ రాదు, ఊరికే పనిచేయదు.

విండోస్ అయితే సర్వర్ మొదటిసారి నడిపినప్పుడు జావాని అనుమతించాలా అని ఫైర్‌వాల్ అడుగుతుంది, ప్రైవేట్, పబ్లిక్ రెండింటికీ టిక్ పెట్టండి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేయకండి. డీఎంజెడ్ అనే ఆప్షన్ కూడా వద్దు, అది ఆ మెషిన్‌ని పూర్తిగా రోడ్డున పడేస్తుంది.

ఫ్రెండ్స్‌కి వస్తోంది, నాకే రావట్లేదు. ఎందుకు?

మీరు ఇంట్లో ఉండి మీ పబ్లిక్ ఐపీ కొడుతున్నారు. బయటికి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చే ఆ దారిని కొన్ని రౌటర్లు ఒప్పుకోవు. మీరు మాత్రం లోపలి చిరునామా, అంటే 192.168.1.50 కొట్టండి. అదే మెషిన్‌లో ఆడుతుంటే లోకల్‌హోస్ట్ అని కొడితే చాలు. ఇదే కారణంగా బయటి నుంచి పనిచేస్తోందో లేదో ఇంటి వైఫై మీద పరీక్షించకండి, ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకుని చూడండి. పోర్ట్ తెరిచి ఉందో లేదో చెప్పే వెబ్‌సైట్లు వాడితే సర్వర్ నడుస్తున్నప్పుడే వాడండి, ఆపేసి ఉంటే ఎప్పుడూ మూసి ఉందనే చెప్తాయి. యూడీపీ (టీసీపీ లాగే డేటా పంపే ఇంకో పద్ధతి) పోర్టుల్ని ఆ సైట్లు సరిగ్గా చూడలేవు.

రౌటర్ రీస్టార్ట్ అయినప్పుడల్లా ఐపీ మారిపోతోంది.

డైనమిక్ డీఎన్ఎస్ పెట్టుకోండి. డక్‌డీఎన్ఎస్ ఫ్రీ, నో-ఐపీ కూడా ఫ్రీ (దాన్ని నెలకోసారి కన్ఫర్మ్ చేస్తూ ఉండాలి, అదో విసుగు). ఒక పేరు ఇస్తారు, ఐపీ మారినప్పుడల్లా అది తనంతట అదే అప్‌డేట్ అవుతుంది. గుర్తుంచుకోండి, ఇది సీజీనాట్‌కి మందు కాదు.

మావాళ్లలో సగం మంది ఫోన్‌లో ఆడతారు. జావా సర్వర్‌లోకి రాగలరా?

మామూలుగా రాలేరు, ఫోన్‌లో ఉండేది బెడ్‌రాక్ ఎడిషన్. కానీ పేపర్ అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ వేసుకుని అందులో గీజర్ అనే ప్లగిన్ (సర్వర్‌కి జోడించే చిన్న ప్రోగ్రామ్) పెడితే వచ్చేస్తారు. దానితో పాటు ఫ్లడ్‌గేట్ పెడితే వాళ్లు జావా ఎడిషన్ విడిగా కొనక్కర్లేదు. బెడ్‌రాక్ వాళ్లు వచ్చేది యూడీపీ 19132 మీద, కాబట్టి దానికి ఇంకో ఫార్వర్డింగ్ రూల్ కావాలి, టీసీపీ అని పెడితే పనిచేయదు. ఫ్లడ్‌గేట్ ద్వారా వచ్చినవాళ్ల పేరు ముందు ఒక చుక్క ఉంటుంది. వాళ్లని మామూలు వైట్‌లిస్ట్ (లోపలికి రానిచ్చేవాళ్ల జాబితా) కమాండ్‌తో కాకుండా ఎఫ్‌వైట్‌లిస్ట్ కమాండ్‌తో చేర్చాలి, చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ మీద ఉన్నవాళ్లకి సర్వర్ చిరునామా కొట్టే చోటే ఉండదు. అడ్డదార్లున్నాయి కానీ ఆ ఒక్కడిని ఫోన్‌లో ఆడమనడం తేలిక.

లాగ్ వస్తోంది. నెట్ మార్చాలా?

ఆగండి, ఏ లాగ్ (ఆట ఆగి ఆగి నడవడం) అన్నది ముందు తేల్చాలి. రెండు రకాలున్నాయి, రెండింటికీ మందు వేరు.

సర్వర్ సెకనుకి 20 సార్లు ఆటని ముందుకి నడుపుతుంది, అంటే ఒక్కోసారికి 50 మిల్లీసెకన్లు. ఆ టైములో పని పూర్తి కాకపోతే కన్సోల్‌లో "కాంట్ కీప్ అప్" అంటూ ఎన్ని టిక్స్ (ఆ 50 మిల్లీసెకన్ల అడుగులు) వెనకబడిందో చెప్తూ ఒక లైను వస్తుంది. ఆటలో ఎలా కనిపిస్తుందంటే, మీరు బ్లాక్ పగలగొడితే అది మళ్లీ ప్రత్యక్షమవుతుంది, ఆవులు ఉన్నచోటే నడుస్తుంటాయి, అదీ అందరికీ ఒకేసారి. ఇది నెట్ సమస్య కాదు, మెషిన్ సమస్య. సర్వర్.ప్రాపర్టీస్ ఫైల్‌లో వ్యూ డిస్టెన్స్ (ఎంత దూరం కనిపించాలి), సిమ్యులేషన్ డిస్టెన్స్ (ఎంత దూరం దాకా ఆట నడవాలి) రెండూ 10 ఉంటాయి, మొదటిదాన్ని 8కి, రెండోదాన్ని 6కి తగ్గించండి. మామూలు సర్వర్ ఉంటే పేపర్‌కి మారండి. ఎవడో ఒకడు మూడొందల కోళ్లని ఒక్క గుంతలో పెంచుతూ ఉంటాడు, వాణ్ని కూడా పట్టుకోండి.

ఒక్కరికే వస్తుంటే అది పింగ్. డాలస్‌లో ఉన్న బావకి హైదరాబాద్ సర్వర్ మీద పింగ్ 250 వచ్చిందంటే మీ ప్లాన్ తప్పు కాదు. మధ్యలో దూరం 14 వేల కిలోమీటర్ల పైనే. ఫైబర్‌లో వెలుతురు సెకనుకి సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, అంటే కేబుల్ తిన్నగా వేసి ఉన్నా వెళ్లి రావడానికే 140 మిల్లీసెకన్లు దాటుతుంది, కేబుళ్లేమో తిన్నగా ఉండవు. ఆ పింగ్‌తో ఇల్లు కట్టుకోవచ్చు, గనులు తవ్వుకోవచ్చు, కత్తియుద్ధాలు మాత్రం చేయలేరు. అయినా అసలు చిక్కు పింగ్ కాదు, టైము: బావకి వేసవిలో రాత్రి తొమ్మిదంటే మనకి మర్నాడు ఉదయం ఏడున్నర. కాబట్టి ఆదివారం పొద్దున్నే లేవండి.

ఇంట్లో ఎవరో పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేస్తున్నప్పుడు మాత్రమే లాగ్ వస్తుంటే రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ డేటాకి ముందు దారి ఇవ్వాలో చెప్పే సెట్టింగ్) ఆన్ చేసి చూడండి. ఫోన్లలో ఫొటోల బ్యాకప్ రాత్రిపూటకి మార్చినా సగం సమస్య పోతుంది.

హ్యాక్ అవుతుందేమో అని టెన్షన్‌గా ఉంది.

కొంచెం టెన్షన్ ఉండటమే మంచిది. 25565 పోర్ట్ తెరిచి ఉన్న సర్వర్ల కోసం ఇంటర్నెట్ మొత్తాన్ని జల్లెడ పట్టే ప్రోగ్రాములు రోజంతా నడుస్తూనే ఉంటాయి. మీరు చిరునామా ఎవరికీ చెప్పకపోయినా, ఏదో తెలియని పేరుతో ఒకడు లోపలికొచ్చి మీ ఇల్లు తగలబెట్టి వెళ్లొచ్చు. అందుకే మొదటిరోజే వైట్‌లిస్ట్ ఆన్ చేయండి, ఫ్రెండ్స్ పేర్లు మాత్రమే చేర్చండి.

ఆన్‌లైన్ మోడ్‌ని (వచ్చినవాడిది గేమ్ కొన్న అసలు అకౌంటేనా అని చూసే సెట్టింగ్) ఫాల్స్ చేయకండి. గేమ్ కొనని ఫ్రెండ్ కోసం అది మార్చేవాళ్లు చాలామంది. అలా మార్చాక ఎవడు ఏ పేరు పెట్టుకున్నా సర్వర్ నమ్మేస్తుంది. మీ పేరు పెట్టుకుని వస్తే వాడే అడ్మిన్, ఇక వైట్‌లిస్ట్ ఉన్నా దండగే. ప్రైవేట్ నెట్‌వర్క్ లోపల అయితే ప్రమాదం తక్కువ, పబ్లిక్ పోర్ట్ మీద మాత్రం అస్సలు వద్దు. కొనుక్కోమనండి.

పాత వెర్షన్ల విషయం ఇంకా సీరియస్. 2021 డిసెంబర్‌లో బయటపడ్డ లాగ్4షెల్ లోపంతో, చాట్‌లో ఒక్క లైను టైప్ చేస్తే చాలు, సర్వర్ ఉన్న కంప్యూటర్ మీద ఏ ప్రోగ్రామ్ అయినా నడిపించగలిగేవాళ్లు. 1.7 నుంచి 1.18 దాకా వెర్షన్లన్నిటికీ అది ఉంది, 1.18.1లో సరిచేశారు. మీరు 1.12.2 మోడ్‌ప్యాక్ ఆడాలనుకుంటే మొజాంగ్ (మైన్‌క్రాఫ్ట్ తయారు చేసిన కంపెనీ) చెప్పిన సవరణ పెట్టుకోకుండా పోర్ట్ తెరవకండి. మోడ్స్ ఎక్కడ పడితే అక్కడ దించుకోవద్దు, 2023 జూన్‌లో పేరున్న మోడ్ సైట్లలోకే వైరస్ కలిపిన మోడ్స్ ఎక్కాయి, ఇక ఊరూపేరూ లేని సైట్ల సంగతి చెప్పక్కర్లేదు.

సర్వర్‌ని మీరు రోజూ బ్యాంకింగ్ చేసుకునే కంప్యూటర్‌లో కాకుండా వేరేదాంట్లో పెట్టండి. ఒకే కంప్యూటర్ ఉంటే కనీసం అడ్మిన్ హక్కులు లేని వేరే యూజర్ అకౌంట్ కింద నడపండి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇంకా అడ్మిన్ అనే ఉంటే ఇప్పుడే మార్చి వచ్చి మిగతాది చదవండి.

ఇంకో మాట. మీ ఇంటి ఐపీని వందమంది ఉన్న డిస్కార్డ్ గ్రూపులో పెట్టకండి. ఆటలో ఓడిన కోపంతో ఎవడో డీడాస్ చేస్తే (ఒకేసారి బోలెడు డేటా కుమ్మరించి మీ నెట్ ఆగిపోయేలా చేస్తే) పోయేది ఇంట్లో అందరి నెట్. ఇది ఊహ కాదు, 2016లో ప్రపంచాన్ని వణికించిన మిరాయ్ బాట్‌నెట్‌ని (ఇలాంటి దాడులకి వాడే హ్యాకైన పరికరాల గుంపు) తయారు చేసిన కుర్రాళ్ల మొదటి గురి మైన్‌క్రాఫ్ట్ సర్వర్లే.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? కరెంటు పోతే?

పాత డెస్క్‌టాప్ ఊరికే ఉన్నా 60 వాట్లు లాగుతుందనుకుంటే రోజంతా నడిస్తే నెలకి 43 యూనిట్లు. 15 వాట్ల మినీ పీసీ లేదా లాప్‌టాప్ అయితే 11 యూనిట్లు కూడా దాటదు. యూనిట్ రేటు కంటే స్లాబ్ చూసుకోండి. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్లలోపు జీరో బిల్లు వస్తున్న ఇల్లయితే ఆ 43 యూనిట్లతో గీత దాటితే మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది. అప్పుడు ఇంట్లో ఏం జరుగుతుందో మీకే తెలుసు. సాయంత్రాలు మాత్రమే ఆన్ చేయడం మర్యాద.

కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ నడిచినా రౌటర్, ఫైబర్ డబ్బా ఆగిపోతే లాభం లేదు. ఇన్వర్టర్ లైను మీద పెట్టండి, లేదంటే రౌటర్ల కోసం వచ్చే 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొనండి. డబ్బా ఎన్ని వోల్టులో అడాప్టర్ మీద చూసి మరీ కొనండి. సర్వర్ డెస్క్‌టాప్ మీద ఉంటే దానికీ యూపీఎస్ తప్పనిసరి. మామూలు సర్వర్ ఐదు నిమిషాలకోసారి సేవ్ చేస్తుంది, సేవ్ అవుతుండగా కరెంటు పోతే వరల్డ్‌లో ముక్కలు పాడవుతాయి.

బ్యాకప్ ఎలా?

వరల్డ్ ఫోల్డర్‌ని రోజుకోసారి వేరే డిస్క్‌కి కాపీ చేయడమే. సర్వర్ నడుస్తుండగా చేస్తే ముందు సేవ్-ఆఫ్, తర్వాత సేవ్-ఆల్ ఫ్లష్ కమాండ్లు కొట్టి, కాపీ అయ్యాక సేవ్-ఆన్ కొట్టండి. ఈ చివరిది మర్చిపోతే ఆ తర్వాత ఆడిందంతా గాల్లో కలవొచ్చు. వెర్షన్ అప్‌డేట్ ముందు బ్యాకప్ తప్పనిసరి, కొత్త వెర్షన్‌లో ఒకసారి తెరిచిన వరల్డ్‌ని పాతదానికి తెచ్చే దారి లేదు. అన్నట్టు 1.20.5 నుంచి కనీసం జావా 21 కావాలి, అప్‌డేట్ తర్వాత సర్వర్ లేవకపోతే ముందు అదే చూడండి.

నెట్ కంపెనీ వాళ్లు ఒప్పుకుంటారా? ఫ్రెండ్స్ దగ్గర డబ్బులు తీసుకోవచ్చా?

ఇంటి ప్లాన్ల షరతుల్లో సాధారణంగా వ్యాపారానికి వాడకూడదని ఉంటుంది, కొన్నిటిలో సర్వర్లు నడపొద్దనీ ఉంటుంది, మీది ఒకసారి చదవండి. ఐదుగురు ఆడుకునే సర్వర్ వాడే డేటా ఒక సినిమా స్ట్రీమింగ్ అంత కూడా ఉండదు కాబట్టి ఎవరూ దాని జోలికి రారు. కరెంటు ఖర్చు పంచుకోవడం వేరు, టికెట్ పెట్టి జనాన్ని పిలవడం వేరు. రెండోది చేయాలనుకుంటే అద్దె సర్వర్ తీసుకోండి, మొజాంగ్ నియమాలు కూడా చదవండి, డబ్బు కట్టినవాడికి ఆటలో బలం అమ్మడాన్ని వాళ్లు ఒప్పుకోరు.

వేరే ఆటలకి పోర్టులు?

టెరారియా టీసీపీ 7777. వాల్‌హైమ్ యూడీపీ 2456, 2457. పాల్‌వరల్డ్ యూడీపీ 8211, దానికి ర్యామ్ మాత్రం 16 జీబీ ఉంటేనే దిగండి. కౌంటర్ స్ట్రైక్ 27015 యూడీపీ, ఇందులో పింగ్ ప్రాణం కాబట్టి టన్నెళ్ల మీద ఆడి తిట్టుకోవద్దు.

కొన్నాళ్లు ఆడటం ఆపేశాం. అలాగే వదిలేయొచ్చా?

వద్దు. రౌటర్‌లో ఫార్వర్డింగ్ రూల్ తీసేయండి, టన్నెల్ ప్రోగ్రామ్ ఆపేయండి, వరల్డ్ ఫోల్డర్‌ని జిప్ చేసి డ్రైవ్‌లో పెట్టి లింక్ గ్రూపులో పడేయండి. "బావా, సర్వర్ ఆన్ చెయ్" అని మెసేజ్ వస్తే మళ్లీ పెట్టడం పావుగంట పని.